హెచ్చరిక వచ్చింది.. కంటైనర్లు కదల్లే

మన దిక్కు మంచు అంటే పొగమంచే. డిసెంబర్, జనవరిల పొద్దుగాల ఔటర్ రింగు రోడ్డు మీద ముందటి లారీ కనబడకుండ కమ్ముకుంటది, పది గంటలయితే ఎండకు ఇగిరిపోతది. కాజీపల్లిల అయితే ఆ మంచుల కంపెనీల వాసన గూడ కలిసి ఇంట్లకు వస్తది. అసుంటి ఊర్ల కూసోని హిమాలయాల మంచు చరియల గురించి రాసుడేందని ఎవరన్న అడగొచ్చు.

ఎందుకంటే, మన చుట్టుపక్కల ఊర్ల పోరగాళ్లు ఇప్పుడు ఆ కొండలకు పోతున్నరు. కొందరు ఫౌజుల చేరి పోతున్నరు. కొందరు రీల్స్ చూసి, నలుగురు దోస్తులు కలిసి ట్రెక్కింగ్ అని పోతున్నరు. ఇంకో గుంపు కూడ ఉన్నది. మన బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం కిరాయి రూములల్ల పదిమంది ఒక్కదగ్గర ఉండే బిహార్, యూపీ, జార్ఖండ్ అన్నలు. వాళ్ల ఊరోళ్లు, వాళ్ల చుట్టాలే ఆ కొండల మీద రోడ్లకు, సొరంగాలకు కూలికి పోతరు. మంచు కింద పడేటోళ్ల లెక్క చూస్తే ఎక్కువగా కనబడేది సరదాకు పోయినోళ్లు గాదు, డ్యూటీల ఉన్నోళ్లే.

2025 ఫిబ్రవరి 28 సంగతి సూడున్రి. ఉత్తరాఖండ్‌ల బద్రీనాథ్ గుడికి మూడు కిలోమీటర్ల దూరంల మానా అనే ఊరుంటది. టిబెట్ సరిహద్దు దిక్కు చివరి ఊరు. ఇప్పుడు సర్కారు దాన్ని దేశంల మొదటి ఊరు అంటున్నది. ఎత్తు దాదాపు 3,200 మీటర్లు. చలికాలంల గుడి మూస్తరు. మానా ఊరోళ్లు కూడ ఇండ్లకు తాళాలేసి కింది ఊర్లకు దిగిపోతరు. తాతల కాలం నుంచి అదే రివాజు. ఆ కొండ ఏ నెలల ఎట్లుంటదో వాళ్లకు ఎరుకే గదా. వాళ్లు దిగిపోయిన జాగల, రోడ్డు మీద మంచు తీసే పనికి పెట్టిన కూలోళ్లు మాత్రం ఇనుప కంటైనర్లల్ల పండుకున్నరు. బోర్డర్ రోడ్స్ సంస్థ పని, నడుమ కాంట్రాక్టరు. పొద్దుగాల ఆరు గాకముందే పైనుంచి మంచు విరిగి వాళ్ల మీద పడ్డది. 54 మంది ఇరుక్కున్నరు. ఆర్మీ, ఐటీబీపీ వాళ్లు మూడు దినాలు కష్టపడి 46 మందిని ప్రాణాలతోని తీసిన్రు. 8 మంది చనిపోయిన్రు.

అసలు ముచ్చట దానికి ముందు దినం ఉన్నది. చండీగఢ్‌ల డీఆర్‌డీఓ కింద డీజీఆర్ఈ అనే సంస్థ ఉంటది. మంచు చరియల మీద లెక్కలు కట్టి, ఏ జిల్లాల ఏ ఎత్తు మీద ఎంత ప్రమాదం ఉందో చెప్పుడు దాని పని. 1969ల మనాలిల పుట్టిన పాత సంస్థను 2020ల ఇంకో సంస్థతోని కలిపి పెట్టిన పేరు ఇది. ఆ సంస్థ 27వ తారీఖు సాయంత్రమే చెప్పింది.. చమోలీ, ఉత్తరకాశీ, రుద్రప్రయాగ్, పిథోరాగఢ్, బాగేశ్వర్ జిల్లాలల్ల 2,400 మీటర్ల పైన వచ్చే 24 గంటలు మంచు చరియలు పడే ప్రమాదం ఉందని. మానా చమోలీ జిల్లాలనే ఉన్నది, ఎత్తు 3,200. లెక్క సాఫ్ ఉన్నది. అర్ధమయ్యేతందుకు ఇంజినీరింగ్ సదవాల్సిన పని లేదు. హెచ్చరిక వచ్చినంక రాత్రి మొత్తం నడిచింది, కంటైనర్లు ఉన్నకాన్నే ఉన్నయి.

అందుకే దీన్ని "ప్రకృతి వైపరీత్యం" అని రాసి చేతులు కడుక్కుంటే నాకు నచ్చది. మంచు పడుడు ప్రకృతి. ఆ వాలు కింద మనుషులను పండవెట్టుడు ప్రకృతి పని గాదు.

ఇగ, ఈ చరియ ఎట్ల జారుతదో జర తెలుసుకుందాం. ఇంట్లనే చేసి చూడొచ్చు. ఒక పళ్లెంల చక్కెర పలుచగ పరువున్రి. దాని మీద జొన్నరొట్టె పెట్టున్రి. పళ్లెం నెమ్మదిగ ఒకదిక్కు లేపున్రి. కొంతసేపు ఏం గాదు. ఒక వాలు దాటినంక రొట్టె రొట్టె మొత్తం ఒక్కపాలి జారుతది. కొండ మీద జరిగేది గదే. చలికాలం మొదట్ల పడ్డ పలుచటి మంచు, చలికి లోపట్నే మారి చక్కెర పలుకుల్లెక్క అయితది, ఒకదాన్నొకటి పట్టుకోదు. దాని మీద తర్వాత పడ్డ మంచు, గాలికి దట్టంగ గట్టిపడి రొట్టె లెక్క పలక అయితది. ఆ పలక మీద ఇంకింత కొత్త మంచు బరువు పడ్డా, ఒక మనిషి అడుగు పడ్డా, కింది పలుకులు కూలుతయి. పలక పగిలి మొత్తం కిందికి వస్తది. సరదాకు పోయినోళ్లు చనిపోయిన ఘటనలల్ల పదింట తొమ్మిదిట్ల, ఆ చరియను కదిలిచ్చింది వాళ్లో, వాళ్ల గుంపుల మనిషో అని యూరప్, అమెరికా లెక్కలు చెప్తున్నయి. మానా అసుంటిది మాత్రం కొత్త మంచు బరువుకు దానంతట అదే పడేది.

వాలు సంగతి గూడ. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదనే జారుతయి. మన ఇండ్లల్ల మెట్లు ఉంటయి సూడు, దాదాపు ఆ వాలే. అంతకంటే నిటారుగుంటే మంచు ఎప్పటికప్పుడే రాలిపోతది, పెద్దగ పోగుబడదు. అంతకంటే చదునుగుంటే జారదు. అంటే రొండు కాళ్లతోని సాఫీగ ఎక్కగలిగే వాలే అన్నిటికంటే ప్రమాదం. మీ ఫోన్ల వాలు కొలిచే యాప్ ఉంటది, దాంతోని కొలవొచ్చు. కానీ మీరు నిలవడ్డ జాగ చదునుగుంది గదా అని మురువొద్దు. నెత్తి మీద ఏమున్నదో చూడాలె. పైన మెట్ల వాలు కొండ, కింద వాగు లెక్క సన్నటి సందు ఉన్నదంటే, అది మంచు దిగే తొవ్వ. చెట్లు ఒక పట్టీ లెక్క లేకుండ పోయి ఉంటే, ఎన్కట ఎప్పుడో అక్కడికెళ్లి మంచు దిగిందన్నట్టే.

మంచు కింద పడ్డ మనిషి ఎందుకు చనిపోతడంటే, చాలామంది చలి అనుకుంటరు. చలి గాదు, ఊపిరి. జారేటప్పుడు నీళ్ల లెక్క ఉన్న మంచు, ఆగిన వెంటనే సిమెంటు లెక్క బిగుసుకుంటది, వేలు గూడ కదలదు. వదిలిన ఊపిరే మొఖం ముందట మంచుపొర లెక్క గడ్డకట్టి, గాలి రాకుండ చేస్తది. స్విట్జర్లాండ్‌ల పాత లెక్కల ప్రకారం 15 నిమిషాలల్ల తీస్తే పదిల తొమ్మిది మంది బతికిన్రు. 35 నిమిషాలకు వచ్చేసరికి ముగ్గుర్ల ఒక్కరు గూడ కష్టమే. హెలికాప్టర్ లేచి వచ్చేసరికి ఈ టైము అయిపోతది. పక్కనున్న దోస్తు తప్ప ఎవ్వరూ కాపాడలేరు. ఆ దోస్తు కాడ సిగ్నల్ పట్టే బీకన్ మెషీన్, పొడుగు కడ్డీ, పార ఉండాలె. మూడిట్ల ఏ ఒక్కటి లేకున్నా మిగిలిన రొండు దండుగే.

మరి మానాల 46 మంది ఎట్ల బతికిన్రు? ఆ ఇనుప కంటైనర్లే కాపాడినయి. కొట్టుకపోయినా, పూర్తిగ నలిగిపోకుండ లోపట కొంత గాలి మిగిలింది. 2016ల సియాచిన్‌ల జరిగింది గూడ అసుంటిదే. ఫిబ్రవరి 3న దాదాపు 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచుగోడ విరిగి పడి, మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ పోస్టుల ఉన్న పదిమంది జవాన్లు దాని కింద పడ్డరు. ఆరో రోజు లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతోని బయటపడ్డడు. గుడారంల మిగిలిన గాలి అన్ని రోజులు ఆయన్ను కాపాడిందన్నరు. ఢిల్లీ ఆర్మీ ఆస్పత్రిల ఫిబ్రవరి 11న కన్నుమూసిండు. దేశం మొత్తం ఆయన పేరు యాది పెట్టుకున్నది, మంచిదే. ఆ పదిమందిల మన తెలుగాయన ఒకరున్నడని ఎందరికి యాదున్నది? సిపాయి ముస్తాక్ అహ్మద్. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లి. అంత ఎండలు కాసే సీమల పుట్టిన మనిషి, ఇంటి నుంచి అంత దూరంల మంచు కింద పోయిండు. సియాచిన్‌ల 1984 నుంచి మన ఫౌజు ఉన్నది. అక్కడ తుపాకి గుండ్లకంటే చలికి, మంచుకు పోయినోళ్లే ఎక్కువ. ఫౌజుకు తయారయితున్న తమ్ముళ్లు పరుగు పందెం టైము ఎట్ల చూసుకుంటరో, ఈ సంగతి గూడ అట్లనే తెలుసుకోవాలె.

కానీ హెచ్చరికల ముచ్చట వస్తే నాకు మంచు కంటే ముందు నీళ్లు యాదికొస్తయి. 2014 జూన్ 8. మనకు దగ్గరనే, బాచుపల్లి వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ టూరుకు పోయిన్రు. మండీ జిల్లాల బియాస్ నది కాడ ఆగి, నీళ్లు తక్కువున్న నదిల బండల మీదికి దిగి ఫోటోలు దిగుతున్నరు. పైన లార్జీ డ్యాం గేట్లు లేపిన్రు. నిమిషాలల్ల నీళ్లు పెరిగినయి. 24 మంది పిల్లలు, వాళ్లతోని పోయిన టూర్ మనిషి ఒకరు కొట్టుకపోయిన్రు. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లల్ల తిరుగుతది, నేనయితే చూడలేను. శవాల కోసం వారాల తరబడి నది గాలిచ్చిన్రు.

ఆ కేసుల హిమాచల్ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి 2016 జనవరిల తీర్పు ఇచ్చింది. ఒక్కో కుటుంబానికి 20 లక్షలు. దాన్ని ఎట్ల పంచిందో సూడున్రి. విద్యుత్ బోర్డు 60 పాళ్లు, కాలేజీ 30 పాళ్లు, రాష్ట్ర సర్కారు 10 పాళ్లు. ఈ లెక్క నాకు మస్తు ముఖ్యమనిపిస్తది. నీళ్లు వదిలినోళ్లది పెద్ద తప్పు. కానీ పిల్లలను తీస్కపోయినోళ్లది గూడ ఉన్నది. అక్కడి పాలనది గూడ ఉన్నది. "పిల్లలు ఎందుకు దిగిన్రు" అని వాట్సాప్‌ల తిట్టుకుంటూ కూసున్న మనోళ్లకు కోర్టు ఇచ్చిన జవాబు అది. చనిపోయినోళ్ల ఖాతాల కోర్టు ఒక్క పాలు గూడ వెయ్యలే.

మంచుకు గూడ ఇదే పంపకం పెట్టి చూడాలె. చండీగఢ్ సంస్థ తన పని చేసింది. జిల్లా కలెక్టరుకు, పోలీసులకు హెచ్చరిక ఇచ్చుడు దాకా దాని బాధ్యత. అక్కడి నుంచి కాంట్రాక్టరుకు, మేస్త్రికి, కంటైనర్‌ల బొంత కప్పుకున్న మనిషికి ఎవరు చెప్పాలె? చెప్తే ఆయన ఏడికి పోవాలె? ఆ దినం కూలి ఎవరిస్తరు? కూలి పోతదంటే హెచ్చరిక విన్న మనిషి గూడ కదలడు. మా దిక్కు గ్యాస్ వాసన వచ్చిన రాత్రి గూడ షిఫ్టుకు పోయేటోళ్లు పోతనే ఉంటరు. ముక్కు లేక గాదు.

ఇగ ట్రెక్కింగ్ సంగతికి వస్తే, ఈ సీజన్ల మన పోరగాళ్ల నోట్ల ఒక్కటే పేరు.. కేదార్‌కంఠ. దాదాపు 12,500 అడుగులు, ఉత్తరాఖండ్ సాంక్రీ ఊరు నుంచి ఎక్కుతరు. నేను భయపెట్టనీకె రాస్తలేను. ఆ తొవ్వ చానా మటుకు అడవి నడుమకెళ్లి పోతది, చానామంది మంచిగనే పోయొస్తున్నరు. అక్కడ ముందుగాల చలిని, జారుడును చూసుకోవాలె. మంచు చరియ భయం ఎప్పుడు మొదలయితదంటే, అందరు పోయే తొవ్వ వదిలి "ఎవ్వరు తొక్కని మంచు" కోసం పక్కకు పోయినప్పుడు. 2023 ఏప్రిల్ 4న సిక్కింల నాథులా పోయే రోడ్డు మీద చరియ పడి 7 గురు టూరిస్టులు చనిపోయిన్రు. పర్మిషన్లు 13వ మైలు దాకనే ఇస్తరు, కొందరు 15వ మైలు దాకా పోయిన్రని అప్పుడు అధికారులే చెప్పిన్రు. ఆ రొండు మైళ్లు ఫోటోల కోసమే.

ఇంకో సంగతి. మంచు గట్టిగ పడి, తుఫాను పోయి, నీలం ఆకాశం, ఎండ తళతళ మెరిసే మొదటి రోజు ఉంటది సూడు. రీల్‌కు దానంత మంచి రోజు ఉండదు. కొండకు దానంత చెడ్డ రోజు గూడ ఉండదు. పైన బరువు కొత్తది, కింద ఇంక సర్దుకోలే, ఎండ తగిలి మెత్తవడుతున్నది. ఒక దినంల 30 సెంటీమీటర్లు, అంటే మన స్కేలు పొడుగు, కొత్త మంచు పడ్డదంటే ఆ దినం, తెల్లారి వాలు మీదికి పోవొద్దని గైడ్లు చెప్తరు. నడుస్తుంటే కాలికింద డుమ్మని బోలు సప్పుడు వచ్చినా, అడుగు ముందట మంచు చీలినట్టు గీత వారినా, ఆడికెళ్లే ఎన్కకు మళ్లాలె.

పోయిన సీజన్ల మా ఊరి పోరగాళ్లు నలుగురు పోతమంటే, పైసలు కట్టకముందు ఒక్క ముచ్చట అడుగున్రి అన్న. "హెచ్చరిక వచ్చి మీరే ట్రిప్పు ఆపితే, పైసలు వాపసిస్తరా, తారీఖు మారుస్తరా?" మూడు జాగల ఫోన్ చేసిన్రు. ఒక్కదగ్గర తారీఖు మారుస్తమన్నరు, రాసిచ్చిన్రు. రొండు దగ్గర్ల "అసుంటిదేం గాదు బ్రో" అన్నరు. మా పోరగాళ్లు రాసిచ్చిన కాన్నే కట్టిన్రు. గైడుకు ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నయనే దానికంటే ఈ ప్రశ్న పెద్దదని నా లెక్క. పైసలు వాపసు రావంటే, తుఫాను ముందట పదిమంది పోరగాళ్లు గైడును సతాయించి పైకి తీస్కపోతరు. సెలవులు దొరకయి, ఇంట్ల అబద్ధం చెప్పి వచ్చిన్రు, ఇన్‌స్టాల స్టోరీ ఆల్రెడీ పెట్టిన్రు.

కొండ ఎక్కొద్దని గాదు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేండ్లు గూడ నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ గూడ ఆమెతోని ఎక్కిండు. ఇద్దరు గురుకులం పిల్లలే. భువనగిరి గుట్ట మీద మొదలువెట్టి, డార్జిలింగ్‌ల నేర్చుకొని, లద్దాఖ్ చలిల ఉండి అలవాటు చేసుకొని నెలల తరబడి తయారయినంక పోయిన్రు. అదే సీజన్ల, ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ దిక్కున ఖుంబూ కాడ మంచు విరిగి 16 మంది నేపాలీ పనోళ్లు చనిపోయిన్రు. వేరేటోళ్లు ఎక్కెతందుకు నిచ్చెనలు, తాళ్లు, సామాన్లు మోసేటోళ్లు. పూర్ణ వాళ్లు టిబెట్ దిక్కుకెళ్లి ఎక్కిన్రు. మన పేపర్లల్ల పూర్ణ ముచ్చట అన్ని పేజీలల్ల వచ్చింది. ఆ 16 మందిది రాలేదని గాదు, వచ్చింది. మనకే యాది లేదు.

మల్ల మానాకు వస్త. అక్కడ మొదట 55 మంది ఇరుక్కున్నరన్నరు. తర్వాత 54 అన్నరు. ఎందుకంటే ఒక్కాయన ఎవ్వరికి చెప్పకుండ అంతకుముందే ఇంటికి పోయిండు, ఇంటోళ్లు ఫోన్ చేసి చెప్పేదాక ఆ సంగతి తెల్వది. ఆయన అదృష్టం మంచిగుంది. కానీ మంచు తవ్వేటోళ్లు లేని మనిషి కోసం గూడ వెతికిన్రు. సరిగ్గ ఆరు దినాల ముందు, ఫిబ్రవరి 22న, మన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట కాడ ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపట 8 మంది. జార్ఖండ్, యూపీ, పంజాబ్, కశ్మీర్ మనుషులు. రొండు శవాలే బయటికొచ్చినయి. అక్కడ మంచు, ఇక్కడ బురద. ఒక్క వారంల, రొండు దిక్కుల, ఇండ్ల కాడ ఒక్క తీరు ఫోన్లే మోగినయి.

జూన్ 30న మన పాశమైలారంల సిగాచీ కంపెనీల పేలుడు. 54 మంది పోయిన్రని లెక్క తేలింది, అందుల 8 మంది ఆనవాలు గూడ దొరకలే. ఆ దినం లోపట మొత్తం ఎందరున్నరో తేల్చేతందుకే రోజులు వట్టింది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఇంటోళ్లు ఫోటోలు పట్టుకొని గేటు కాడ, ఆస్పత్రుల కాడ తిరిగిన్రు.

రాష్ట్రం దాటి పనికొచ్చే కూలోళ్ల కోసం 1979లనే చట్టం చేసిన్రు. కాంట్రాక్టరు రిజిస్టర్ పెట్టాలె, ప్రతి మనిషికి ఫోటో ఉన్న పాసుబుక్కు ఇయ్యాలె అని అందుల ఉన్నది. ఇప్పుడది కొత్త లేబర్ కోడ్‌ల కలిసింది. చట్టం లేక గాదు. ఇక మనిషిని లెక్కవెట్టుడు ఎట్లనో మన తెలంగాణకు ఎవ్వరు నేర్పాల్సిన పనిలేదు. సింగరేణిల భూమి లోపటికి దిగేటోడు ల్యాంప్ రూం కాడ తన నంబరు మీద దీపం తీసుకొని దిగుతడు. షిఫ్టు అయినంక దీపం వాపసు రాకుంటే, ఆ నంబరు మనిషి ఇంక కిందనే ఉన్నడని లెక్క. ఎస్ఎల్‌బీసీ సొరంగంలకు సాయం కోసం పిలిచింది గూడ ఆ సింగరేణి రెస్క్యూ వాళ్లనే. ఒక మొల, ఒక నంబరు బిళ్ల, గంతే ఖర్చు. మా దిక్కు కంపెనీ గేట్ల కాడ ఫోన్లు గుంజుకొని పెట్టే డబ్బాలు మస్తుగ కనబడుతయి. లోపట ఎందరున్నరో బయటోనికి చెప్పే పలక మాత్రం నేను తిరిగిన ఏ గేటు కాడ గూడ కనబడలే.